బుధుడి రంగు

“బుధుడు ఆకుపచ్చగా ఉన్నాడేంటయ్యా?”

హెడ్మాస్టరు కృపారావు గొంతు పెంచలేదు. అయినా వరండాలో నడుస్తున్న టీచర్లు ఆగిపోయారు. అంగలకుదురు మిషన్ హైస్కూలు ముందు గోడ మీద సూర్యుడు, ఎనిమిది గ్రహాలు వరసగా ఉన్నాయి. సూర్యుడి పక్కన మొదటిది, అన్నిటికంటే చిన్నది, పెసరగింజలా పచ్చగా మెరుస్తోంది.

శివనాగరాజు నిచ్చెన దిగాడు. రేపల్లె వైపు గుళ్ళకు బొమ్మలు వేసే మనిషి. ఈ గోడకు అతనికి వారం పట్టింది.

“బుధుడంటే పచ్చే కదండి. ముప్ఫై ఏళ్ళుగా నవగ్రహాల్లో అలాగే వేస్తున్నానండి.”

“నీకు చార్టు ఇచ్చాం కదా!”

“చార్టులో బూడిదగా ఉందండి. ప్రింటు వెలిసిపోయిందనుకున్నాను.”

ఎవరో కిసుక్కున నవ్వారు. “శనికి నువ్వుల నూనె పొయ్యలేదు, నయం” అన్నాడు లెక్కల మాస్టారు.

కృపారావు నవ్వలేదు. “మూడింటికి తనిఖీ అధికారి వస్తారు. ఆవిడ ఫిజిక్సు చదివిన మనిషి. పిల్లలకి తప్పు నేర్పే గోడ మనకెందుకు? రెండున్నరకల్లా ఇది సరవ్వకపోతే మొత్తం సున్నం కొట్టించేస్తాను.”

“మొత్తమా అండి?”

“మొత్తం.”

శివనాగరాజు గోడ ఆ చివరిదాకా చూశాడు. శని చుట్టూ వలయాలకే రెండు రోజులు పట్టింది. భార్య కనకమ్మ పోయాక అతను మళ్ళీ బ్రష్షు పట్టుకున్నది ఈ గోడ దగ్గరే. ఇది కూడా పోతే ఇక పట్టుకోడని అతనికి తెలుసు. బతిమాలాలనీ తెలుసు.

“సరేనండి” అన్నాడు.

సైన్సు టీచరు రిబ్కా చార్టు పట్టుకుని వచ్చింది. మాట్లాడుతూనే తన గొడుగు అతని తల మీదికి జరిపింది.

“ఇది ఉత్త రాతి గ్రహం బాబాయ్ గారూ. మన చంద్రుడి కంటే కాస్త పెద్దదంతే. గాలి ఉన్నా లేనట్టే.”

“దీని చుట్టూ తిరిగే చంద్రుడు?”

“ఒక్కడూ లేడు.”

“ఎండ బాగా కాస్తుందేమో.”

“సీసం కరిగిపోయేంత. కప్పుకోడానికి గాలి లేదు కదా, రాత్రయితే ఆ వేడంతా పోతుంది. సున్నాకి నూట ఎనభై డిగ్రీలు కిందకి దిగిపోతుంది.”

“రాత్రి ఎంతసేపుంటుందమ్మా?”

“మన లెక్కలో ఎనభై ఎనిమిది రోజులు.”

అతను తలూపాడు. “ఉంటుందమ్మా. తెల్లారదు.”

రిబ్కా అతని వంక చూసి, చూపు చార్టు మీదికి తిప్పుకుంది. “ఇవన్నీ పైనుంచి రాళ్ళు వచ్చి పడ్డ గుంటలు. ఇవేమో ముడతలు. లోపల పెద్ద ఇనుప ముద్ద ఉంది. అది చల్లారేకొద్దీ గ్రహం కుంచించుకుపోయింది.”

“పైకి కనిపిస్తూనే ఉందన్నమాట.”

“కనిపిస్తూనే ఉంది.”

అతను బూడిద రంగు కలిపి వేశాడు. కింది పచ్చ ఇంకా ఆరలేదు. రెండూ కలిసి బావి మెట్ల మీది పాచిలా తేలింది. తుడిచి మళ్ళీ వేశాడు. మళ్ళీ పాచే. అప్పటికి ఒంటిగంట దాటింది.

రిబ్కా టిఫిన్ బాక్సు మూత తీసి, పెరుగన్నం సగం మూతలోకి తోడింది.

“వద్దమ్మా.”

“తినకపోతే చెయ్యెలా ఆడుతుంది? నాకు అరిచే ఓపిక లేదు బాబాయ్ గారూ, తినండి.”

తిన్నాడు. నాలుగో ముద్దకి ఉప్పు తెలిసింది. అతని నాలుకకి ఉప్పు తెలిసి చాలా రోజులైంది.

“మీరు క్లాసుకి వెళ్ళండమ్మా” అన్నాడు చెయ్యి కడుక్కుని. “నేను చూసుకుంటాను.”

రెండున్నరకి కృపారావు వచ్చాడు. వెనకాల అటెండరు శాలేమురాజు సున్నం బకెట్టు మోసుకొచ్చాడు. కృపారావు గోడ ముందు నిలబడి కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

“బకెట్టు లోపల పెట్టెయ్ రాజూ.”

మూడింటికి అధికారి కారు దిగారు. ఎర్రటి అంగారకుణ్ణి, వలయాల శనిని మెచ్చుకుంటూ గోడ పొడుగునా నడిచారు. సూర్యుడి పక్కకి వచ్చి ఆగిపోయారు. తర్వాత వేలు చాచి బుధుణ్ణి తాకారు.

“మిగతావన్నీ బాగున్నాయి. ఇది మాత్రం అక్కడికెళ్ళి ఫొటో తీసినట్టుంది. ఈ గుంటలు, ఈ ముడతలు… ఎండకి నీడలు కూడా నిజంగా పడుతున్నాయి. ఎవరు వేశారు?”

కృపారావు ఛాతీ కాస్త ముందుకొచ్చింది. “మన శివనాగరాజేనండి. రేపల్లె ఆర్టిస్టు.”

“ఏ రంగులు కలిపారండీ దీనికి?”

శివనాగరాజు చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు.

“రంగేం లేదండి” అన్నాడు. “ఉన్నదంతా గీకేశాను. అది మీ గోడేనండి.”