లోయ చెప్పిన జవాబు

కొండ మీది జంతువులకు ఒక కట్టుబాటు ఉండేది. లోయలోకి మేతకు దిగే ముందు గద్ద పైనుంచి చూసి గాలి ఎలా ఉందో అరిచి చెప్పాలి. లోయ అడుగున ఉండే కీచురాయి ఆ గాలి పీల్చి తన మాట చెప్పాలి. రెండు మాటలూ కలిస్తేనే తల్లులు పిల్లలను దించాలి.

అడవి అంటుకొని ఆరిన నాలుగో రోజు ఉదయం గద్ద, "కింద తెల్లగా ఉన్నది మంచే. గాలి బాగుంది," అని అరిచింది.

"గాలి బాగుంది," అని లోయలోంచి వినిపించింది.

"మాట కలిసింది, పద," అని జింక ఆకలితో ఉన్న పిల్లను ముందుకు నెట్టింది.

"ఉండవే అమ్మాయ్," అంది ముసలి తాబేలు. "ఆ కీచురాయిని పేరు పెట్టి పలకరించి చాలా రోజులైంది. ఆ పేరే నోటికి రావడం లేదు."

"నిన్న ఏం మేశావో నీకు గుర్తుంటే గదవ్వా," అంటూ గద్ద వచ్చి బండ మీద వాలింది.

తాబేలు అంచుకు పాకి మెడ చాచింది. "కీచురాయీ, నీ పేరు మరిచిపోయాను. చెప్పు తల్లీ."

లోయ అంది: "మరిచిపోయాను. చెప్పు తల్లీ."

ఆ గొంతు తాబేలుదే. ఇందాక తన మాటకు తన గొంతే సాక్ష్యం చెప్పిందని తెలిసి గద్ద రెక్కలు ముడుచుకుంది. కింద తెల్లగా ఉన్నది పొగ; దాని అడుగున జవాబు చెప్పేవాళ్లు ఎవరూ మిగల్లేదు. జింక పిల్లను వెనక్కి లాక్కుంది.

అందరూ వెళ్లాక తాబేలుకు ఆ పేరు గుర్తొచ్చింది. నోటి దాకా వచ్చినా పిలవలేదు. పిలిస్తే లోయ ఆ పేరుకూ పలుకుతుంది.