ఆట్‌పాడి నుంచి వచ్చిన దొంగ డాక్టర్

తన ఎద్దు సుల్తాన్‌కి దొంగ సర్టిఫికెట్ పుట్టించాలని హిందురావు పాటిల్ నిర్ణయించుకున్నది జాతర పందేనికి ముందు రోజు పొద్దున్న, పళ్ళు తోముకుంటూ.

అంతకు కాసేపటి ముందే భోస్లే డాక్టర్ అతని వాకిట్లో జీపు ఆపి, సుల్తాన్‌ను చూసి, తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయాడు. ఎడ్లబండి పందెంలో దిగే జతకు రిజిస్టరైన పశువైద్యుడి సర్టిఫికెట్ ఉండి తీరాలి. అసలు కాగితమే మైదానంలో చూపించాలి, ఫోన్లో ఫొటో చెల్లదు. సుల్తాన్ ముందుకాలు కుంటుతోంది. వచ్చే ఏటికి దానికి పరిగెత్తే వయసు దాటిపోతుంది. సొంత ఊరి జనం ముందు ఒక్కసారైనా గెలవాలన్న హిందురావు కోరికకు ఇదే ఆఖరి ఏడు.

భోస్లే డాక్టరంటే మా వాఖర్‌వాడిలో అందరికీ గౌరవం, కాస్త హడల్ కూడా. జీపు దిగకుండానే, నల్లకళ్ళద్దాలు తీయకుండానే జబ్బేమిటో చెప్పేస్తాడు. ఆయన పశువు మీద చెయ్యి వేయగా చూసినవాళ్ళు లేరు. అంత పెద్ద డాక్టర్‌కి చెయ్యి వేయాల్సిన ఖర్మేమిటని మాకు మేమే సర్దిచెప్పుకునేవాళ్ళం. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు మమ్మల్ని తెలివైనవాళ్ళని ఎందుకు అనరో మాకు బోధపడేది కాదు.

హిందురావు పశువుల సంతలో దళారీగా తిరిగే భికూని పిలిపించాడు.

"ఎవడో ఒక దొంగ డాక్టర్ని పట్టుకురా భికూ. చేతిలో స్టాంపుంటే చాలు."

"దొంగవాడైతే రేటెక్కువన్నా. వాడికీ భయముంటుందిగా," అన్నాడు భికూ.

హిందురావు బేరమాడలేదు. ఇన్నాళ్ళ తన పంటినొప్పికి ఒక్క డాక్టర్నీ తీసుకురాలేదని భార్య శెవంతా మాత్రం గుర్తుచేసింది.

మధ్యాహ్నానికి భికూ బైకు మీద ఒకాయన్ని దించాడు. పేరు వసేకర్, ఊరు ఆట్‌పాడి. కాళ్ళకి రబ్బరు బూట్లు, వాటి నిండా పేడ. చొక్కా చేతులు భుజాల దాకా మడిచి ఉన్నాయి. వేషం కట్టడానికి వచ్చినవాడు కనీసం ఒక తెల్లకోటైనా సంపాదించుకోవద్దా అని హిందురావుకి చిరాకేసింది.

వసేకర్ కింద కూర్చుని సుల్తాన్ కాలు తన తొడ మీద పెట్టుకున్నాడు. గిట్టల సందులో వేలు పెట్టి గెలికి ఒక గులకరాయిని బయటికి తీశాడు. కడిగాడు, మందు పూశాడు, నడిపించమన్నాడు, గుండె విన్నాడు, మళ్ళీ నడిపించమన్నాడు. జతలో రెండోదైన బాదల్‌ని కూడా అలాగే చూశాడు. ఇంతకుముందు ఎవరు చూశారని అడిగితే, భోస్లే డాక్టర్ గొప్పతనం మీద హిందురావు ఒక ఉపన్యాసమే ఇచ్చాడు. వసేకర్ నటన బాగానే ఉంది గానీ మరీ సాగదీస్తున్నాడనిపించింది. మన మధ్య ఇదంతా దేనికన్నట్టు హిందురావు కన్నుగీటాడు.

"ఆ కన్ను ఎన్నాళ్ళ నుంచి అలా అదురుతోంది పాటిల్? ఎవరికైనా చూపించుకో," అన్నాడు వసేకర్. "ఎద్దులు మాత్రం భేషుగ్గా ఉన్నాయి."

సర్టిఫికెట్ రాసి, స్టాంపు వేసి, పక్క ఊళ్ళో ఆవు ఈనలేక అవస్థ పడుతోందంటూ ఆయన గబగబా వెళ్ళిపోయాడు. ఉడాయించడానికి ఎంత చక్కటి సాకు దొరికిందో అని మొగుడూ పెళ్ళాలు చాలాసేపు నవ్వుకున్నారు.

మర్నాడు సుల్తాన్ కుంటలేదు. అది తన పెంపకం మహిమేనని హిందురావు మురిసిపోయాడు.

జతలన్నీ వరసలో నిలబడ్డాక మైదానంలోకి పోలీసు బండి వచ్చింది. దాంట్లోంచి దిగినావిడ పశువైద్య మండలి అధికారిణి. ఆవిడ మైకు అందుకుని, మండలి రిజిస్టర్లో పేరే లేని దొంగ డాక్టరొకడు ఈ పందేనికి సర్టిఫికెట్లు ఇచ్చాడని తెలిసి వచ్చామంది. తెలిసి కూడా అతని దగ్గర కాగితం తీసుకున్నవాళ్ళని వదిలేది లేదంది.

హిందురావు చెయ్యి జేబు మీదికి పోయింది. వసేకర్ ఇచ్చిన కాగితం పారేస్తే ఎవరైనా ఏరతారు, కాలిస్తే అందరూ చూస్తారు. శెవంతా కట్టిచ్చిన జొన్నరొట్టె విప్పి, కాగితాన్ని మధ్యలో పెట్టి మడిచి, పైన ఠేచా, అంటే పచ్చిమిరప పచ్చడి, దట్టంగా పట్టించి నమలడం మొదలుపెట్టాడు. స్టాంపు సిరా ఉన్నచోట కాస్త చేదుగా తగిలింది.

"నీ ఎద్దుల కాగితమేదయ్యా?" ఆవిడ దగ్గరికొచ్చి అడిగింది.

హిందురావు ముద్ద దిగమింగాడు. "లేదమ్మా. వీటిని ఏ డాక్టరూ చూడలేదు. పందెం చూద్దామని ఊరికే తోలుకొచ్చా."

ఆవిడ ఆ మాటే రాసుకుని సంతకం పెట్టించుకుని ముందుకెళ్ళింది. జైలు తప్పింది. కానీ సుల్తాన్ మెడ నిమురుతుంటే, ఇక ఇది ఎప్పటికీ గెలవదు కదా అని హిందురావుకి నిజంగానే దుఃఖం వచ్చింది. కళ్ళలో నీళ్ళు చూసి పక్కవాళ్ళు అడిగితే ఠేచా కారమని చెప్పాడు.

ఈలోగా కానిస్టేబుళ్ళు వెళ్ళి మైదానం అంచున ఆగి ఉన్న భోస్లే డాక్టర్ జీపు తలుపు తెరిచి, నల్లకళ్ళద్దాలతో సహా ఆయన్ని కిందికి దించారు. ఆయన నేల మీద నిలబడగా మేం చూడటం అదే మొదటిసారి.

అధికారిణి పందెం పెద్దల వైపు తిరిగింది. "ఇతను కాగితాలిచ్చిన జతలన్నీ పక్కకి తీసేయండి. ఇతని సంగతి మాకు చెప్పిన ఆట్‌పాడి వసేకర్ డాక్టర్ నిన్న మీ ఊళ్ళోనే ఒక జతకి సర్టిఫికెట్ ఇచ్చారట. ఆ కాగితం ఉన్న ఆసామిని పిలవండి, ఇక బరిలో మిగిలింది అతని జత ఒక్కటే, అతని ఎద్దులు ఒంటరిగా నడిచి గీత దాటినా పందెం అతనిదే."