ఒక్కటే చాలు

"నీ గొంతు ఒక్కటే చాలు," అన్నాడు ప్రొడ్యూసర్, రికార్డింగ్ స్టూడియో వరండాలో. "మీ తమ్ముడి డ్రమ్స్ ఆల్బమ్‌లో ఉండవు. మెషీన్‌తో వేయిస్తున్నాం."

అక్క భుజాన ఉన్న గిటార్ కింద పెట్టేసింది. పెద్ద కంపెనీలో వాళ్ళ బ్యాండుకు ఇదే మొదటి ఆల్బమ్. బ్యాండంటే పదిమంది కాదు. గిటార్ మీటుతూ పాడే తనూ, డ్రమ్స్ వాయించే తమ్ముడూ, అంతే. అందులోంచి వాణ్ణి తీసేస్తే ఇంక బ్యాండు అనడానికి నోరెలా వస్తుంది?

"వాడికి ఏమని చెప్పనండీ?"

"చెప్పకు. ఆ అద్దాల గదిలో వాడి మానాన వాణ్ణి వాయించనీ. పక్కన వాడు వాయిస్తుంటేనే నీ పాటకు ఊపొస్తుంది. వాడి మైకులు మీ హెడ్‌ఫోన్ల దాకే పనిచేస్తాయి. రికార్డింగులోకి ఒక్క దెబ్బ కూడా వెళ్ళదు."

"ఇదేం న్యాయం?"

"అట్ట మీద ఇద్దరి పేర్లూ ఉంటాయి. వీడియోలో ఇద్దరూ కనిపిస్తారు. కెమెరా అతను కూడా వచ్చేశాడు, చూడు. రేపు ఆల్బమ్ విని గగ్గోలు పెడతావేమోనని నీకు ముందే చెబుతున్నా. వద్దంటావా, ఆల్బమ్ మొత్తం ఆపేద్దాం."

మంచినీళ్ళు కావాలా అని అడిగినంత మెత్తగా అన్నాడు ఆ మాట. ఈ ఆల్బమ్‌ను నమ్ముకుని తమ్ముడు టైర్ల షాపులో ఉద్యోగం మానేసి కూర్చున్నాడు. ఆపేయండి అని ఆమె ఎలా అంటుంది? తలూపింది. ఊపేశాక ఆ తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

తమ్ముడు ఆమెకంటే ముందే వచ్చి డ్రమ్స్ ముందు కూర్చుని ఉన్నాడు. రోజూ వసపిట్టలా వాగేవాడు ఇవాళ ఉలకడు, పలకడు.

"ఏరా, అలా ఉన్నావేం?" తన గదిలోకి వెళ్తూ అడిగింది.

"ఏం లేదక్కా. రాత్రి నిద్ర లేదు."

ఎవరి హెడ్‌ఫోన్లలో ఏం వినిపించాలని సౌండ్ ఇంజనీర్ అడిగాడు.

"నాకు అక్క గొంతు పెట్టండి చాలు," అన్నాడు తమ్ముడు. "డ్రమ్స్ ఎందుకు, నా చేతుల్లోనే ఉన్నాయిగా."

"నాకు వాడి డ్రమ్స్ పెట్టండి. నా గొంతు ఎటూ పోదు, నా దగ్గరే ఉంటుంది," అంది అక్క.

ఎప్పుడూ వాళ్ళ పద్ధతి అంతే. ఎవరిది వాళ్ళు వినరు, అవతలివాళ్ళది వింటారు. ఇంజనీర్ అద్దం లోంచి ఇద్దరి వంకా ఒకసారి చూసి, తల దించుకుని మీటలు సర్దుకున్నాడు.

పాట మొదలైంది. తమ్ముడు ఇవాళ ప్రాణం పెట్టి వాయిస్తున్నాడు. చొక్కా తడిసి వీపుకు అతుక్కుపోయింది. ప్రతి దెబ్బా ఆమె చెవుల్లో పడుతోంది, అక్కడితో ఆగిపోతోంది. ఎందుకురా నాయనా అంత కష్టపడతావు, ఒట్టి గాలిలోకి పోతోందిరా అని అరవాలనిపించింది. అరవడానికి లేదు. పాడాలి. పాడింది.

నడి పాటలో తమ్ముడి చేతిలో కర్ర విరిగింది.

"క్షమించండి సార్, నా వల్లే పాడైంది. మళ్ళీ మొదట్నుంచి వాయిస్తాను," అన్నాడు కంగారుగా.

"ఏం ఫర్వాలేదు బాబూ, తీరిగ్గా కానీ," అన్నాడు ప్రొడ్యూసర్. ఆ మంచితనానికి అక్కకు ఒళ్ళు మండిపోయింది. ఏం చేయగలదు? తనూ ఆ పాపంలో వాటాదారే.

"అక్కా," చెవిలో తమ్ముడి గొంతు వినిపించింది. "ఇవాళ చాలా బాగా పాడుతున్నావు. నిజంగా."

ఆమె మొహం తిప్పుకుంది. వాడు కూడా అప్పటికే తిప్పుకున్నాడు.

సాయంత్రానికి పాటలన్నీ అయిపోయాయి. కెమెరా అతను సామాను సర్దుకున్నాడు. అక్కాతమ్ముళ్ళు మెట్లు దిగుతున్నారు. ఇంక దాచడం తన వల్ల కాదు, ఏమైతే అదే అవుతుంది అనుకుంది అక్క.

"ఒరేయ్, నీకో మాట చెప్పాలి."

"ముందు నన్ను చెప్పనీ అక్కా." తమ్ముడు మెట్టు మీదే కూలబడ్డాడు. "నన్ను తిట్టు, నాలుగు తన్ను. పొద్దున నువ్వు రాకముందే ప్రొడ్యూసర్ నన్ను పిలిచాడు. నీ పాటలన్నీ వేరే అమ్మాయి చేత పాడించేశారట. నీతో చెప్పొద్దన్నాడు. వద్దంటే ఆల్బమే ఆపేస్తానన్నాడు. పిరికివెధవని, తలూపేశాను."

అక్క వాడి పక్కనే మెట్టు మీద కూర్చుంది.

"నాతో ఏమన్నాడో తెలుసా అక్కా? 'నీ డ్రమ్స్ ఒక్కటే చాలు' అన్నాడు."