పదిహేడు ఒకట్లు

"ఈవేళ నీ చెయ్యి ఆడటం లేదేం తొమొఎ? పూసలకి జిగురు గానీ పూశారా?" అన్నారు కజివారా మాస్టారు.

తొమొఎ లెక్కలు చేసే పూసల చట్రం పక్కన పెట్టేసింది.

ఓనో ఊళ్ళో వీళ్ళిద్దరి పిచ్చీ అందరికీ తెలిసిందే. పదిహేడు ఒకట్లు పక్కపక్కన రాస్తే వచ్చే సంఖ్య దేనితోనైనా తెగుతుందా, లేక ప్రధాన సంఖ్యేనా? యంత్రం ముట్టుకోకుండా చేత్తోనే తేల్చాలని మాస్టారి పంతం. దాన్ని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా సరే, ముప్పై నాలుగుతో భాగిస్తే ఒకటి మిగలాలట. అలాంటివి ఏరుకుని ప్రతి ఆదివారం ఇద్దరూ వాటితో చెరో పేజీ భాగిస్తారు, శేషాలు రాస్తారు. ఒకరి పేజీని ఇంకొకరు సరిచూసి ఎర్రముద్ర వేస్తారు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఇదే పని. మధ్యలో మాస్టారి భార్య పోయారు. పిల్లల్లేరు. ఆయనకిప్పుడు ఎనభై ఎనిమిది. ఒక కన్ను పోయింది, రెండోదీ పోయేలా ఉంది.

"మాస్టారూ, నిన్న మా చెల్లెలి కూతురు ఆ సంఖ్యని ఫోన్లో కొట్టింది. వద్దంటే వింటేనా."

"దాని దుంప తెగ. ఏమంది ఫోను?"

"తెగుతుందంది. ఇరవై లక్షల డెబ్బై ఒక్క వేల ఏడు వందల ఇరవై మూడుతో."

మాస్టారు బార్లీ టీ చప్పరించారు.

"అది మనం ఎప్పుడో దాటేశాం," అంది తొమొఎ. "అమ్మగారు పోయిన మరుసటి మార్చిలో. ఇరవై ఆరేళ్ళయింది. రాత్రి పాత కాగితాలన్నీ తిరగేశాను. నా పేజీలోనే ఉంది. పక్కన ఏదో శేషం, నా చేతిరాతే."

"లెక్క తప్పావా?"

"తప్పినా బావుండేది. అసలు చెయ్యనే లేదు. ఆ రోజు సుమో పోటీల ఆఖరి రోజు. చివరి కుస్తీ చూడాలని, మిగిలిన అయిదింటికీ తోచిన శేషాలు రాసేసి ఇంటికి పరిగెత్తాను. మీరేమో నన్ను నమ్మి ముద్ర వేసేశారు."

"ఎవరు గెలిచారు?"

"గుర్తు లేదు మాస్టారూ."

ఆ మాట అనగానే ఆమెకి ఏడుపు ఆగలేదు. "ఆ రోజుతో అయిపోవలసిన పని. నా మూలంగా ఇరవై ఆరేళ్ళ మీ ఆదివారాలన్నీ బూడిదలో పోసిన పన్నీరయ్యాయి. మీ కన్ను కూడా నేనే పొట్టన పెట్టుకున్నాను. నాకు నిష్కృతి లేదు."

మాస్టారు కప్పు కింద పెట్టారు. మూలుగుతూ మోకాళ్ళ మీదికి జరిగి, చాప మీద రెండు చేతులూ ఆన్చి, నుదురు నేలకి తాకేలా వంగారు.

తొమొఎ కంగారు పడిపోయింది. "ఇదేం పని మాస్టారూ, లేవండి. తప్పు చేసింది నేనైతే, పెద్దవారు మీరు నాకు దండం పెట్టడమేమిటి?"

ఆయన తలెత్తలేదు.

"ఆ సాయంత్రమే నీ పేజీ సరిచూస్తే నాకు శేషం సున్నా వచ్చింది, చెబితే మళ్ళీ ఆదివారం నువ్వు రావని దాచాను."