మూడో పేరు

పదకొండు గంటలయింది. అద్దాల గదిలో మళ్లీ నవ్వులు మొదలయ్యాయి.

ఎదురు గదిలో లెక్కల మేడమ్ పెన్ను బల్లమీద విసిరికొట్టింది. ఆ నవ్వులు వినపడవు, కనపడతాయంతే. అదే ఆవిడ ప్రాణానికొచ్చింది. వినపడితే కనీసం దేనికి నవ్వుతున్నారో తెలిసేది.

ఆ గది విశ్వవిద్యాలయం వారి కొత్త ముచ్చట. ఎవరి శాఖలో వాళ్లు ముడుచుకు కూర్చుంటే కొత్త సంగతులు ఎలా పుడతాయని, వైస్ ఛాన్సలర్ గారు వరండా మధ్యలో నాలుగు వైపులా అద్దాలతో దాన్ని కట్టించారు. వేరువేరు శాఖలవాళ్లు అందులో కూర్చుని మాట్లాడుకోవాలి. కలిసి పరిశోధన చెయ్యాలి. బాగానే ఉంది. కానీ రోజూ అందులో కూర్చుంటున్నది ఎవరనుకున్నారు? మేడమ్ గారి సొంత ఆడపడుచు!

ఆడపడుచు మనస్తత్వశాస్త్రం చెబుతుంది. వదినా ఆడపడుచులు కాకముందు ఇద్దరూ హాస్టల్లో ఒకే గదిలో ఉన్నారు. మేడమ్ ఆ ఇంటి కోడలయిందే ఆ స్నేహం పుణ్యమా అని. పదకొండేళ్లలో ఇద్దరూ కలిసి తొమ్మిది పేపర్లు రాశారు. మనుషుల సంగతులు ఆవిడ పోగేసేది, లెక్క ఈవిడ తేల్చేది. ఉమ్మడి పరిశోధన అన్న మాట వైస్ ఛాన్సలర్ గారికి తట్టకముందే వీళ్లకది రోజూ చేసే పని.

అలాంటిది, ఈ ఏడు ఆడపడుచు పోయి పోయి రంగస్థల శాఖలో కొత్తగా చేరిన నాటకాలావిడతో జట్టు కట్టింది. కొత్తొక వింత, పాతొక రోత!

మేడమ్ నీళ్ల సీసా పట్టుకుని లేచింది. కుళాయి వరండా చివర ఉంది. దారి అద్దాల గది ముందు నుంచే. ఆ పూటకిది నాలుగోసారి. తెచ్చిన నీళ్లన్నీ కిటికీలో మొక్కకు పోసేస్తోంది. పాపం, అది వారం క్రితమే వేళ్లతో సహా కుళ్లిపోయింది.

సాయంత్రం ఇంటికెళ్లి భర్తమీద పడింది.

"మీ చెల్లెలికి నేను పనికిరాకుండా పోయానండీ."

"దానికి నాతో మాట్లాడే తీరికే లేదు. నేనేమన్నా ఏడుస్తున్నానా?"

"మీకేం! తోడబుట్టినవారు. మిమ్మల్ని వదిలించుకోవాలన్నా కుదరదు. నన్నయితే వదిలేయొచ్చుగా."

అనేశాక నిజంగానే ఏడుపొచ్చింది.

మర్నాడు, అద్దాల వెలుగు కళ్లల్లో పడుతోందని రిజిస్ట్రారు గారికి అర్జీ పెట్టి ఆ గదికి తెర వేయించింది. పీడా పోయిందనుకుంది. పదకొండింటికి నాటకాలావిడ వచ్చింది, ఎదురు గదివైపు ఒక చూపు చూసింది, తెర బర్రున పక్కకు లాగేసింది. మేడమ్‌కు ఒళ్లు మండిపోయింది.

ఆ ఉక్రోషంలో రెండు రోజులు సెలవు పెట్టింది. తిరిగొచ్చాక వరండా ఊడ్చే పెద్దావిణ్ని కూపీ లాగింది.

"మీరు లేని రెండు రోజులూ వాళ్లూ రాలేదమ్మా. గదికి తాళమే."

"చూశావా మరి! నేను లేనిది చూసి ఇద్దరూ ఊరిమీద పడ్డారన్నమాట!"

ఇక ఊరుకోలేదు. ఆడపడుచుతో కలిసి భోజనం చెయ్యడం మానేసింది. ఫోన్ చేస్తే ఎత్తలేదు. నెల తిరిగేసరికి, తనకు పాత భవనంలో గది ఇప్పించమనీ, ఇకమీదట ఆడపడుచుతో ఏ పరిశోధనలోనూ తన పేరు కలపొద్దనీ అర్జీ రాసింది. పదకొండేళ్ల పొత్తు నాలుగు వాక్యాల్లో తెగిపోయింది. సంతకం పెట్టి కవర్లో పెట్టింది.

కవరు అంటించబోతుండగా తలుపు దగ్గర అలికిడి. ఆడపడుచు!

"కోపమా వదినా?"

"నాకెందుకమ్మా కోపం? మీ నవ్వులు మీవి, నా లెక్కలు నావి."

ఆడపడుచు తల వంచుకుంది. చేతిలో దళసరి కాగితాల కట్ట ఉంది.

"డెబ్భై రోజుల పని ఇవాళ్టితో అయిపోయింది. మేమిద్దరం ఎంత గింజుకున్నా లెక్క తేలడం లేదు. నువ్వు చేసిపెట్టాలి. పేపరు మీద మూడో పేరు నీది."

మేడమ్‌కు ప్రాణం లేచొచ్చింది. పైకి మాత్రం బెట్టు చేసింది.

"మూడోదా? నా వయసేమిటి, నా అనుభవమేమిటి! మొదటి పేరు నాదైతేనే ముట్టుకుంటాను."

"అలాగే. నిజం చెప్పాలంటే నువ్వు లేకపోతే ఈ పరిశోధనే లేదు."

"మరి ఆ నాటకాలావిడ ఏమంటుందో?"

"ఆవిడ మొదటి రోజే అంది, దీనికి మీ వదినను మించిన మనిషి దొరకదని."

మేడమ్ నవ్వు ఆపుకోలేకపోయింది. అలా నవ్వి ఎన్నాళ్లయిందో! అంత గొప్ప నటి కూడా చివరికి తన కాళ్లదగ్గరికే వచ్చింది.

"ముందు చదువు వదినా," ఆడపడుచు కట్ట బల్లమీద పెట్టి గుమ్మందాకా వెళ్లి ఆగింది. "తిట్టాలనుంటే సాయంత్రం ఇంటికొస్తాను, తీరిగ్గా తిట్టు."

అర్జీ పరపరా చింపేసి, హాయిగా కుర్చీలో వెనక్కి వాలి కట్ట విప్పిన మేడమ్‌కు, 'పక్కవాళ్ల నవ్వు చూసి ఓర్వలేకపోవడం: ఒకే మనిషిపై డెబ్భై రోజుల పరిశీలన' అన్న శీర్షికా, దాని కింద 'నన్ను పరిశీలించడం నాకు సమ్మతమే' అన్న వాక్యమూ, ఆ కింద ఏడాది మొదట్లో ఆడపడుచు తెచ్చిన కాగితాలన్నిటితో పాటు చదవకుండానే గీకేసిన తన సంతకమూ కనిపించాయి.