రెండు నిమిషాల పని

"నేను తిప్పను సార్. ముందు నొప్పికి మందివ్వండి."

ఐసీయూలో నాలుగో మంచం పక్కన ఆయా చేతులు కట్టుకుని నిలబడింది. డాక్టరు తన చెవులను తానే నమ్మలేకపోయాడు. మంచం మీద ఉన్నది ఒక లారీ డ్రైవరు. ప్రమాదంలో పక్కటెముకలు విరిగాయి. గొంతులో గొట్టం. మత్తుమందు మీద ఉన్నాడు, వారం రోజులుగా కళ్లు తెరవలేదు. అతన్ని పక్కకు తిప్పి వీపు మీది పుండుకు కట్టు మార్చాలి. ఆ తర్వాత ఇంకా ఐదు మంచాలున్నాయి.

"రెండు నిమిషాల పనికి మందేమిటి? మత్తులో ఉన్నవాడికి ఏం తెలుస్తుంది?"

"నిద్ర వేరు, నొప్పి వేరు సార్."

అసలే ముక్కు మీద కోపం ఉన్న మనిషి. ఆ మాటతో ఒంటికాలి మీద లేచాడు. "పక్కబట్టలు మార్చేదానివి, నాకు వైద్యం నేర్పుతావా? పనిలో చేరి ఎన్నాళ్లయింది?"

"మూడు నెలలు సార్."

"ఇంకో మూడు నిమిషాల్లో ఊడుతుంది, తెలుసా?"

"తెలుసండి." ఆయా అక్కణ్ణించి కదల్లేదు. "నిన్న తిప్పినప్పుడు ఈయన కాలివేళ్లు చూశాను. గట్టిగా ముడుచుకుపోయాయి. మళ్లీ పడుకోబెట్టాక గాని విడలేదు. గొంతులో గొట్టం పెట్టాక మనిషి ఇంకెలా అరుస్తాడు సార్?"

డాక్టరు మంచానికి అవతల కట్టు సామాను పట్టుకుని ఉన్న సిస్టర్ వైపు చూశాడు. ఈ మాటలకు ఆమె నవ్వుతుందనుకున్నాడు. ఆమె నవ్వలేదు.

"నిన్న గుండె వేగం కూడా నూట ముప్పై దాటింది సార్. జ్వరం వల్ల అనుకున్నాం," అంది సిస్టర్ మెల్లిగా.

"మందిస్తే బీపీ పడిపోతే?"

"కొంచెమే ఇచ్చి చూద్దాం సార్. నేను కనిపెట్టుకుని ఉంటాను."

ఇద్దరూ ఒక్క మాట మీద నిలబడితే ఆయన మాత్రం ఏం చేస్తాడు! "సరే, ఇవ్వండి. ఈవిడ సంగతి తర్వాత చూస్తాను," అన్నాడు. మందు పనిచేయడానికి పది నిమిషాలు ఆగాలంది సిస్టర్. ఆ పది నిమిషాలూ డాక్టరు కాలుకాలిన పిల్లిలా తిరిగాడు.

అప్పుడు తిప్పారు. డాక్టరు చూడాల్సింది పుండు. చూపు మాత్రం కాలివేళ్ల మీదికే పోయింది. అవి ముడుచుకోలేదు. నిద్రపోతున్న పసివాడి వేళ్లలా వదులుగా ఉన్నాయి. గుండె వేగం తొంభై దగ్గరే ఉంది, బీపీ కూడా పడలేదు. కట్టు మార్చి మళ్లీ పడుకోబెట్టారు. డాక్టరుకు సిగ్గేసింది. అంతకంటే ఎక్కువగా భయమేసింది. ఇన్నేళ్లలో ఎంతమందిని ఊరికే అలా తిప్పించేశాడో!

"ఐదో మంచానికి కూడా ముందే మందివ్వండి సిస్టర్. ఇకమీద ఎవరిని తిప్పాలన్నా మొదట నొప్పి సంగతి చూడండి."

అని ఆయా వైపు తిరిగాడు. ఉద్యోగం మాట ఎత్తలేదు.

"ఇన్ని పుస్తకాలు చదివాను, ఇన్నేళ్లుగా ఇక్కడే తిరుగుతున్నాను. నాకు కనబడనిది నీకెలా తెలిసిందమ్మా?"

ఆయా దుప్పటి సర్దుతూ, తలెత్తకుండానే చెప్పింది.

"పోయినేడాది ఈ మంచం మీద పంతొమ్మిది రోజులు పడుకున్నది నేనే సార్. నన్ను బతికించింది మీరే."