చక్రాల గది

పాలిటెక్నిక్ ప్రాజెక్టు కోసం సీమోను యాకుత్‌పురాలోని తన ఇంటి వాకిట్లో చక్రాల మీద నీటిబొట్టు ఆకారంలో చిన్న గది కట్టాడు. జీపు వెనక తగిలించుకుని ఊళ్లు తిరగొచ్చు, అందులోనే పడుకోవచ్చు. రేపు కాలేజీలో అప్పగించాలి.

తల్లి నీలమ్మ కిటికీ చూడలేదు, పరుపు చూడలేదు.

"లోపల్నుంచి గొళ్లెం పడ్తదా బిడ్డా?"

"పడ్తది. అడివిల పులి గిట్ట వస్తే ఎట్ల మరి?" అని నవ్వాడు సీమోను.

అంతలో సందు మొదట్లో తాగొచ్చిన తండ్రి అరుపులు వినబడ్డాయి. నీలమ్మ వంగి ఆ గదిలోకి దూరి గొళ్లెం పెట్టుకుంది. ఆయన తలుపును తన్ని తన్ని, అలసి, వాకిట్లోనే పడిపోయాడు.

లోపల్నుంచి నీలమ్మ మెల్లగా అడిగింది.

"రేపు దీన్ని తీస్కపోతవా బిడ్డా?"

సీమోను పానా అందుకుని చక్రాలు విప్పడం మొదలుపెట్టాడు.